మిల్లు గేటు మీద ఆటవెలది

మిల్లు గేటుకు అంటించిన ఆ పద్యం రాసింది తానేనని జానకిరామయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు దాన్ని విశ్లేషించి దొంగను పట్టిచ్చే పనీ ఆయన నెత్తినే పడింది.

చిలకలూరిపేటలో ఆ కారం మిల్లు రాఘవరావుది. జానకిరామయ్య, ఖుర్షిదా తెలుగు చెప్పే కాలేజీ కూడా ఆయనదే. ఖుర్షిదాకు ఛందస్సు నేర్పింది జానకిరామయ్యే.

"చదవండి మాస్టారూ," అంటూ, ఇద్దరినీ మిల్లు ఆఫీసుకు పిలిపించిన రాఘవరావు కాగితం తోశాడు.

"రంగు కలిపినంత బంగారమౌనటే
తవుడు నమ్ము దొరకు తళుకులేల..."

"నా కారంలో రంగూ తవుడూ కలిపి అమ్ముతున్నానట! ఎవడు రాశాడో తేల్చండి. మన కాలేజీవాడైతే ఈ పూటే సాగనంపుతా."

పద్యాన్ని ఎంత తీసిపారేస్తే జానకిరామయ్య ఉద్యోగానికి అంత క్షేమం.

"ఆటవెలదేనండి. కానీ రాసినవాడికి ఛందస్సు రాదు. 'రం'కీ 'బం'కీ యతి ఎక్కడ కుదిరింది? హాస్యమనుకుని మొదలెట్టి వెటకారం దగ్గర చతికిలబడ్డాడు. పండితుడి పని కాదు."

ఖుర్షిదా ఉండబట్టలేకపోయింది. "అదేంటి మాస్టారూ! అది ప్రాసయతి కదా. 'రంగు', 'బంగా'. రెండుచోట్లా సున్నా, దాని పక్కన గకారం. ఆటవెలదిలో యతి బదులు అలా వేసుకోవచ్చని మీరే చెప్పారు. హాస్యం కూడా భలే పండింది!"

రాఘవరావు కుర్చీలోంచి లేచాడు. "ఈ విద్య తెలిసింది మీ ఇద్దరికే. మాస్టారికి రాదని తేలిపోయింది. అంటే నువ్వేనమ్మా!"

"అయ్యో, నేను కాదు సార్!"

"రేపట్నుంచి రావద్దు."

జానకిరామయ్య అడ్డం వెళ్లాడు. "ఆగండి! రాసింది నేనండీ."

రాఘవరావు పగలబడి నవ్వాడు. "శిష్యురాలి మీద ఎంత ప్రేమండీ! యతి ఎక్కడుందో పట్టుకోలేని మీరు పద్యం రాస్తారా? వెళ్లి క్లాసు చెప్పుకోండి."

వాళ్లు బయటికొచ్చేసరికి సంగతి ఎస్టీడీ బూత్ పక్కన టీకొట్టు దాకా పాకిపోయింది. హమాలీలు మిర్చి టిక్కీలు దించడం ఆపి చప్పట్లు కొట్టారు.

"ఖుర్షిదమ్మా, ఏం రాశావమ్మా!" అన్నాడు టీకొట్టు ఆదాం.

"నేను కాదన్నా," అంది ఖుర్షిదా, కళ్లు తుడుచుకుంటూ.

ఆ చప్పట్లు వినగానే జానకిరామయ్యకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్ ఆదాం, ఆ పద్యం నాదిరా! అక్షరం అక్షరం నాది!"

ఆదాం గ్లాసు కడగడం ఆపి ఆయన వంక అదోలా చూశాడు.

"ఊరుకోండి మాస్టారూ. ఆడబిడ్డ ఉద్యోగం పోయి ఏడుస్తుంటే, పద్యం కూడా లాక్కుంటారా?"