మాను మీద పూత

మా వారికి ఏడేళ్ళుగా ఆ చెట్టు "నీ నేరేడు". అది నేరేడు కాదని మొదటి ఏడాది చెప్పాను, రెండో ఏడాదీ చెప్పాను, తర్వాత నోరు నొప్పెట్టి మానేశాను. దాని పేరు జబోటికాబా. బ్రెజిల్ దేశపు చెట్టు. పండు నేరేడుపండులాగే నల్లగా నిగనిగలాడుతుంది కాబట్టి అంతవరకు ఆయన్ని తప్పుపట్టలేను. కాకపోతే ఈ పండు కొమ్మల చివర కాయదు. మాను బెరడులోంచి పుట్టుకొచ్చి, కింది నుంచి పైదాకా చెట్టు ఒంటికే అంటుకుని కాస్తుంది, మేడిపండ్లు కాసినట్టు.

మంగళూరు దగ్గర సముద్రపు ఒడ్డున నర్సరీ నడిపే ఒకావిడ వీడియో చూసి తెప్పించుకున్నాను. "గాలిలో కాస్త తేమ, ఎండలో కాస్త మెత్తదనం ఉంటే చాలు, దానంతట అదే పెరుగుతుంది" అంది ఆ మహాతల్లి. తిరుపతిలో మెత్తని ఎండ ఏ కొట్లో అమ్ముతారో కూడా చెప్పి ఉంటే బాగుండేది. మే నెలలో మా మేడమీద కాలు పెడితే అరికాలు అప్పడమైపోతుంది. పైగా మా బోరు నీళ్ళు ఉప్పు. అవి పోస్తే ఆకుల అంచులు మాడిపోయేవి. అందుకని వాన పడినప్పుడల్లా మేడమీద డ్రమ్ములు నింపుకున్నాను. వాన లేని నెలల్లో ఏసీ నుంచి కారే నీళ్ళు బక్కెట్లో పట్టి, మోకాళ్ళు మూలుగుతున్నా మెట్లెక్కి మోశాను. ఆయన పాత పంచెలు కలిపి కుట్టి సిమెంటు తొట్టి పైన పందిరి కట్టాను. అయినా ఏం లాభం? ఆ నర్సరీ ఆవిడ పెట్టిన వాట్సాప్ గుంపులో సముద్రం పక్కవాళ్ళందరి చెట్లూ కాశాయి. రోజూ గిన్నెల నిండా పండ్ల ఫొటోలు. నాది మాత్రం ఏపుగా పెరిగి, ఏడాదికోసారి బెరడు పొలుసులు రాల్చుకుని, మళ్ళీ నున్నగా నిలబడేది.

ఇంత పట్టుదల ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో నేను చేసినవన్నీ ఎవరి కోసమో చేసినవే. అత్తగారికి పథ్యం, మామగారికి మందులు, మా అబ్బాయి కౌస్తుభ్‌కు బడి క్యారియరు, మా వారికి ఆఫీసుకు ఇస్త్రీ పంచె. అత్తమామలు పరమపదించారు, కౌస్తుభ్ నాయుడుపేట ఫ్యాక్టరీలో చేరి అక్కడే కాపురం పెట్టాడు, అయినా నా పని మాత్రం తగ్గలేదు, ఓపికే తగ్గింది. నాకని పెంచుకున్నది ఆ చెట్టొక్కటే. దాని పండు ఒక్కటి పెరుమాళ్ళ ముందు పెట్టి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే చాలనిపించేది. అది తీరకుండానే పోతానేమోనని ఈ మధ్య బెంగ కూడా పట్టుకుంది.

ఈ సంగతి ఒకసారి మా వారి దగ్గర ఎత్తితే, ఆయన పేపరు దించకుండానే, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అన్నారు.

"వైష్ణవుల కొంపలో సోమలింగం యాడ పుడతాడు?" అని నేనూ అంటించాను. అక్కడితో సరి. మా వారి పేరు సంపత్కుమార్. ఆలయ కార్యాలయంలో లెక్కలు రాసి రిటైరయ్యారు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం అరుగు. మేడమెట్లు ఆయన లెక్కలో లేవు.

జూలైలో చిత్తూరు నుంచి ఫోనొచ్చింది. మా అక్క కోమలవల్లి స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. కోడలు వేదశ్రీ బడిలో టీచరు, పగలు చూసుకునే దిక్కు లేదు. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. పడతాయి మరి. సేవ అనగానే గుర్తొచ్చే పేరు నాదే, పెరుందేవి. పండగ అనగానే గుర్తొచ్చే పేర్లు వేరే ఉంటాయి.

బయల్దేరే రోజు పొద్దున డ్రమ్ములో నీళ్ళెంత ఉన్నాయో చూద్దామని మేడెక్కాను. మాను మీద గుండుసూది తలలంత మొటిమలు కనిపించాయి. లేతాకుపచ్చవి. ఒకటీ అరా కాదు, కింది చీలిక దగ్గర్నుంచి నా భుజం ఎత్తు దాకా చల్లినట్టున్నాయి. వీడియోల్లో వెయ్యిసార్లు చూసి ఉంటాను కాబట్టి తెలిసిపోయింది. పూత. తొట్టి అంచు పట్టుకుని నిలబడి, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని కూడా లేకుండా నవ్వాను.

ఎన్నున్నాయో లెక్కపెడదామని వేలు చాపబోయి చప్పున ముడిచేసుకున్నాను. పిందెకు వేలు చూపితే కుళ్ళిపోతుందని మా అమ్మ సొరపాదు దగ్గర చేతిమీద కొట్టి నేర్పింది. ఇక నోటితో చెప్పడం అంతకన్నా తప్పు. నరుడి కంటికి నల్లరాళ్ళే పగులుతాయంటారు, గుండుసూది తలలొక లెక్కా? గుంపులో ఫొటో పెట్టలేదు. కౌస్తుభ్‌కు చెప్పలేదు. కట్టుకున్నవారికీ చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా పాలవాడి నుంచి ఇస్త్రీబండి వరకు అందరికీ పంచేస్తారు.

"డ్రమ్ములో వాననీళ్ళు పొద్దునపూట ఒక బక్కెట్టు పొయ్యండి. ఇంకేమీ చెయ్యొద్దు" అని మాత్రం చెప్పాను.

"మందేమన్నా కొట్టల్నా?"

"వద్దండీ. నీళ్ళు చాలు."

ఆయన నా మొహంలోకి చూశారు. "ఏందే, అదోమాదిరి ఉండావు?"

"ఏమీ లేదులే" అని సంచి తీసుకున్నాను.

చిత్తూరులో పని గురించి చెప్పడానికి ఓపిక లేదు. మంచం పట్టిన మనిషికి చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చేయనివాళ్ళకు చెప్పినా ఎక్కదు. అక్క మంచిదే, కానీ నొప్పిలో ఉన్న మనిషికి మంచితనం ఎక్కడుంటుంది? నీళ్ళు వేడంటుంది, చల్లారితే చల్లగా ఉన్నాయంటుంది. కూర్చోబెడితే పడుకోబెట్టమంటుంది. నా నడుం ఎప్పుడు వాల్చానో నాకే గుర్తులేదు. ఆ పూత తలపుకొచ్చినప్పుడు మాత్రం ఒంట్లోకి ఎక్కడి నుంచో కాస్త సత్తువ వచ్చేది.

ఆశ్చర్యం ఏమిటంటే మా వారు రోజూ ఫోన్ చేశారు. నీళ్ళు పోశానని చెప్పడానికి. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వచ్చిందని కూడా చెప్పేవారు, అదేదో నాకు తెలియని వింతలాగా.

ఒకరోజు పొద్దున అక్కను నా భుజం మీద ఆనించుకుని నడిపిస్తుంటే ఫోన్ మోగింది. అక్కను చూడటానికి పాకాల నుంచి వచ్చిన చుట్టాలు గదిలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఫోను నా చెవి దగ్గర పెట్టారు.

"పెరుందేవీ, నీ నేరేడుకు తెల్లపురుగు పట్టినట్టుండాది. మానంతా దూది అంటించినట్టుండాది."

విచ్చుకున్నాయన్నమాట! పూత అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చుట్టాలు నలుగురూ నా మొహమే చూస్తున్నారు. వాళ్ళెదుట పూత మాట ఎత్తితే దిష్టి తగిలినట్టే.

"ఏమీ లేదులే. దాన్నట్లే ఉండనీండి."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదులే అంటా ఉండాను గదా."

ఆయన "సరే" అని పెట్టేశారు.

మర్నాడు మధ్యాహ్నం అక్కకు చారన్నం పెడుతుంటే ఫోన్లో ఫొటో వచ్చింది. సగం ఫొటోకు ఆయన బొటనవేలే అడ్డం. మిగిలిన సగంలో నా చెట్టు మాను, తలంటుపోసినట్టు తళతళలాడుతోంది. కింద తెలుగులో కొట్టారు: "శుభ్రంగా తుడిచేసినాను. ఒక్క పురుగు లేదు. నువ్వు దిగులు పెట్టుకోవద్దు."

నా ఒంట్లో ఉన్న కాస్త సత్తువా ఎవరో పిండి తీసేసినట్టయింది. "ఏందే, నిలిపేసినావు?" అంది అక్క. మిగిలిన అన్నం కలిపి పెట్టాను. మూతి తుడిచాను. గిన్నె కడిగి బోర్లించాను. ఆ పని ఎట్లా చేశానో నాకు తెలియదు. ఏడవడానికి ఆ ఇంట్లో నాకంటూ ఒక మూల కూడా లేదు.

ఆదివారం వేదశ్రీకి సెలవు కాబట్టి బస్సెక్కాను. పూతలపట్టు దాటినప్పటి నుంచి ఆయన్ని ఏమేం అనాలో ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి బాకీపడ్డ తిట్లన్నీ వరసలో నిలబడ్డాయి.

తలుపు తీసిన మనిషి మొహం వెలిగిపోతోంది. కాళ్ళు కడుక్కోనివ్వకుండా, "పైకి రా, చూద్దువు" అంటూ తానే ముందు మెట్లెక్కారు. మెడ వెనక ఎండకు కందిపోయి పొట్టు లేస్తోంది. చెట్టు పక్కన ముక్కాలిపీట, కుంకుడురసం గిన్నె, వేపనూనె సీసా, పాత టూత్‌బ్రష్.

"పీచుతో రుద్దితే బెరడు గీసుకుంటాదని, ఈ బ్రష్షుతో ఒక్కొక్కటే తీసినా. పొద్దున కూర్చుంటే మిట్టమధ్యాన్నమాయ. గోడపక్కకు కూడా దూరి తీసినా. చూడు, యాడన్నా ఒకటి కనబడతాదేమో."

చూశాను. చెట్టు చుట్టూ తిరిగి, వంగి, లేచి, మళ్ళీ చూశాను. ఒక్కటి లేదు. తిన్న కంచం సరిగ్గా కడగడం రాని మనిషి జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిగా చేశారు.

"అవి పురుగులు కాదు" అన్నాను.

"మరి?"

"పూత." ఆ మాటతోనే అరిచేశాను. "పూతండీ! ఈ చెట్టు మానుకే పూస్తాది. ఏడేండ్లకు పూసింది. నీళ్ళు మోసి మోసి నా మోకాళ్ళు అరిగిపోయినంక పూసింది. దాన్ని గిన్నెలు తోమినట్టు తోమి పారేసినారే! ఒక్క మాట అడగగూడదా?"

ఆయన చేతిలో బ్రష్షు అట్లాగే ఉండిపోయింది. చెట్టును చూశారు, కింద తొట్టిలో మట్టిని చూశారు. మట్టిమీద ఎండిపోయిన దూదిపింజల్లాంటివి ఇంకా ఉన్నాయి.

"అడిగినా గదే" అన్నారు మెల్లగా. "ఏమీ లేదులే అంటివి."

"దిష్టి తగులుతాదని అంటిని! ఏమీ లేదంటే ఏమీ లేదని వదిలేసుండొచ్చు గదా!"

ఆయన పీటమీద కూర్చున్నారు. నావైపు చూడకుండా అన్నారు. "నువ్వు ఏమీ లేదులే అంటే ఒకసారి వదిలేసినా గదా."

"ఎప్పుడు?"

"గరుడసేవ పొద్దు."

అది కౌస్తుభ్‌కు ముందటి మాట. నాకు మూడో నెల. ఆ నెల నిండేదాకా ఎవరి చెవినా వేయొద్దని అత్తగారి ఆజ్ఞ కాబట్టి మా పుట్టింటికి కూడా చెప్పలేదు. ఆ పొద్దున నడుంలో నొప్పి మొదలైంది. ఆయనకు కొండమీద బ్రహ్మోత్సవాల డ్యూటీ. చెప్పులు వేసుకుంటూ, "ఏందే, అట్ల ఉండావు, సెలవు పెట్టల్నా?" అని అడిగారు. ఏమీ లేదులే, పొండి అన్నాను. ఆ జనంలో ఆయన మర్నాటిదాకా కిందికి రాలేకపోయారు. వచ్చేసరికి అంతా అయిపోయింది, అత్తగారు గది కూడా కడిగేశారు. ఆయన ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. మగవాళ్ళు మరిచిపోతారనుకున్నాను. మరిచిపోయారనే ఇన్నేళ్ళూ లోపల ఎక్కడో ఆయన మీద కోపం పెట్టుకుని బతికాను.

"ఆ పొద్దు నీ మాట నమ్మి పోతిని" అన్నారు ఆయన. "మొన్న ఫోన్లో అదే మాట అంటివి. నమ్మబుద్ధి కాలేదు. చెట్టుకు ఏదో పెద్ద రోగమే వచ్చింటాది, నాకు చెప్పకుండా మింగుతా ఉండావనుకొంటిని. నీకని ఉండేది ఇదొక్కటే గదా. నువ్వొచ్చేలోగా ఇది కూడా పోతే..."

నాకనే ఒకటి ఉందని ఈ మనిషికి తెలుసు. ఆ మాట ఎప్పుడో చెప్పి ఉంటే నేను ఇంత అలిసిపోయేదాన్ని కాదు. నా కోపం పోలేదు. పోయిందని చెబితే అబద్ధం. కానీ బస్సులో పేర్చుకుని తెచ్చిన తిట్లలో ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"మళ్ళీ పూస్తాదా?" అని అడిగారు.

"తెలీదండీ" అన్నాను. తర్వాత ఏదో తెగినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. "నాకు చానా కష్టంగా ఉండాది. అక్క దగ్గర నిద్ర లేదు. మోకాళ్ళు నొస్తా ఉండాయి. ఇంగ నీళ్ళు మొయ్యలేను. ఆ పొద్దు నొప్పి నాకు తెలస్తానే ఉన్నింది. మీరు పోకుండా ఉంటే బాగుండుననుకొంటిని. నోరు తెరిచి చెప్పలేదు."

ఆయన లేచి, "ఈడ కూర్చో" అని పీట నావైపు జరిపారు. కూర్చున్నాను. పట్టపగలు, పక్కమేడమీద బట్టలారేస్తున్న మనిషి చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను. ఓదార్చడం ఆయనకు రాదు. నా పక్కనే నిలబడ్డారు. ఎంతసేపైనా కిందికి పోలేదు.