టిష్యూ ప్యాకెట్

తంజోంగ్ పగార్‌లో తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో మధ్యాహ్నం సీటు దొరకడం గగనం. శాంతిని ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి భోజనం తేవడానికి కదిలింది. వెంట ఉన్న తెవిటా ముక్కున వేలేసుకున్నాడు. ఆయన ఓ చిన్న దీవి దేశపు అధికారి. ఆ దేశానికి పర్యావరణహిత పర్యాటక విధానం రాసిపెడుతున్నది శాంతిని పనిచేసే కంపెనీయే.

“ఇది చూసి ఇంకెవరూ కూర్చోరా?”

“కూర్చోరు. దీన్ని చోప్ అంటాం. తిని లేచేదాకా సీటు మనదే.”

తెవిటా ఆ ప్యాకెట్‌నే చూస్తూ అన్నాడు. “మా తీరంలో హోటల్‌వాళ్లు నాలుగు కుర్చీలు వేశారు. ఆ రోజు నుంచి మా పడవల్ని అక్కడ ఆగనివ్వరు. పదకొండేళ్లయింది, వాళ్లింకా లేవలేదు.”

శాంతిని గబగబా తిని లేచింది. ఆఫీసుకు రాగానే బాస్ యాసిర్ గదిలోకి వెళ్లింది.

“తెవిటా వాళ్లకి రాస్తున్న విధానంలో బీచ్ పేజీ మారుద్దాం సార్. వాళ్ల పడవలకి చోటుండాలి.”

“గిప్పుడెందుకు శాంతినీ? తాబేళ్లను కాపాడుతున్నమని రాసినం కదా, ఫండింగ్ ఇచ్చేటోళ్లు ఖుష్. సాయంత్రంలోగా పంపియ్యి.”

ఆమె తన సీట్లో కూర్చుని ఆ పేజీ తెరిచింది. పడవల వల్ల తాబేళ్లకు హాని అని రాసింది తనే. కుర్చీల ఊసెక్కడా లేదు.

ఒక్క అక్షరం మార్చకుండా పంపేసింది.