చేయి కలపని పహిల్వాన్లు

మా హైస్కూలు పిల్లలకు కుస్తీ నేర్పే ఉస్తాదు జానీమియా వానాకాలంలో చనిపోయాడు. ఆయన స్థానంలో ఎవరిని పెట్టాలో తేల్చే పని స్కూలు కమిటీ మీద పడింది. కమిటీ అంటే నేను, హెడ్మాస్టరు సాంసన్, నోరు తెరవని మరో ముగ్గురు. నా భార్య పోయినప్పటి నుంచి ఊళ్లో ఏ కమిటీ వేసినా అందులో ఈ బక్కయ్య ఉంటాడు. అన్నం చల్లారిపోతోందని పిలిచే మనిషి ఇంట్లో లేదు కదా.

సోమవారం మానుకోటలో జిల్లా పోటీలు. నెగ్గిన పిల్లలకు క్రీడల హాస్టల్లో సీటు ఇస్తారు. ఉస్తాదు వెంట లేని పిల్లలను బరిలోకి దించరు. పదో తరగతి చదివే నీలి తండా నుంచి వస్తుంది. ఎదురుపడినప్పుడల్లా ఒకటే మాట.

“తాతా, దొరికిండా?”

“దొరుకుతడు తియ్.”

“సోమారం దాటినంక దొరికితే ఏం ఫాయిదా? ఈసారి సీటు రాకపోతే మా యాడి మిర్చి ఏరవోమంటది. ఇగ నా చదువు బందే.”

ఆ పిల్ల ఊరికే అనలేదు. వాళ్లమ్మ అక్క చదువు కూడా అట్లాగే మాన్పించింది.

శనివారం ఇద్దరు వచ్చారు. ఒకడు లింగాల ఘనపూర్ వాడు ధర్మేందర్. నా భార్య అన్న కొడుకు. జాతర కుస్తీల్లో వెండి కడియాలు గెలిచాడు. నా భార్య దవాఖానలో ఉన్నన్నాళ్లూ వాళ్ల నాయన చూడటానికి రాలేదు. పోయాక వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చాడు. నేను మరువలేదు, మరువను. ఆ కోపం కొడుకు మీద చూపకూడదని మాత్రం అనుకున్నాను.

రెండోవాడు కైసర్, జానీమియా కొడుకు. సన్నటి మనిషి. వెంట అక్క బుష్రా వచ్చింది. కురవిలో బట్టలు కుడుతుంది. ఆమె గోదా పక్కన చెప్పులు విడిచి, చున్నీ నడుముకు బిగించి నిలబడింది. చూడవచ్చిన మనిషికి ఇదంతా ఎందుకో నాకు అర్థం కాలేదు.

మా ఊళ్లో ఉస్తాదును మాటలు విని పెట్టుకోరు. గోదాలో దించుతారు. నెగ్గినవాడికి పిల్లలను అప్పగిస్తారు.

ఇద్దరూ దిగారు. మట్టి తీసి కళ్లకు అద్దుకున్నారు. తొడలు చరిచారు. వంగి ఒకరి చుట్టూ ఒకరు తిరిగారు. తిరుగుతూనే ఉన్నారు. చేయి మాత్రం కలపలేదు.

“ఏందివయా, బతుకమ్మ ఆడుతుండ్రా?” అని ఎవరో అరిచారు. జనం నవ్వారు. ఇద్దరికీ చెమటలు పట్టాయి, ఒక్క పట్టూ పడలేదు. భయమా అంటే అదీ కాదు. ఒకరి కళ్లలోకి ఒకరు చూడటం లేదు. నేను ఆగలేకపోయాను. గోదా దగ్గరికి వెళ్లాను.

“ఏమైందిర మీకు?”

ధర్మేందర్ తల దించుకున్నాడు. “వచ్చేటోడు కైసర్ అని నాకు తెల్వది మామా. జానీమియా ఉస్తాదు మా దిక్కు కుస్తీ తాలీం నడిపినప్పుడు నేను ఆయన దగ్గర్నే నేర్చిన. ఒక్క ఉస్తాదు శిష్యులం పోటీకి కలబడం. తప్పు.”

“మరి నోరిప్పి చెప్పొద్దా?”

“ముందుగాల చెప్పినోడు జారుకున్నడంటరు.”

కైసర్ కూడా అవునన్నట్టు చూశాడు. ఆ నియమం మాకూ తెలుసు. వాళ్లిద్దరి ఉస్తాదూ ఒకడేనన్నది తెలియదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

“ఇగ ఎట్ల? బొమ్మా బొరుసా ఏద్దామా?” అన్నాడు సాంసన్.

“రూపాయి బిళ్లకు కుస్తీ రాదు సార్,” అన్నాను.

నీలి ముందుకొచ్చింది. “ఇద్దర్ల ఎవరన్న నాకొక పట్టు చూపెట్టుండ్రి. కాలు పట్టంగనే పడిపోతున్న.”

“ఆడపిల్లలను నేను ముట్ట. ఒడ్డు మీద నిలవడి చెప్త,” అన్నాడు ధర్మేందర్.

“ఈత గూడ ఒడ్డు మీదనే నేర్పుతవా అన్నా?”

జనం మళ్లీ నవ్వారు. అప్పుడు బుష్రా గోదాలోకి దిగింది.

“కాకా, మా అబ్బా నన్నెన్నడు శిష్యుల్ల కలుపలే. వీళ్ల నియమం నాకు లేదు. నేను ఎవలతోనైన కలబడ్త.”

“నీకు కుస్తీ ఏడికెల్లి వచ్చె?”

“మా తమ్ముడు తాలీంల నేర్చిన పట్లన్ని ఇంటికొచ్చి నా మీద ఏసెటోడు. అబ్బా మంచంల కూసోని వీన్ని తిట్టెటోడు. నన్ను తిట్టెటోడు కాదు. నా పని పడుడే గద.”

“అయితే పడుడే నేర్చినవా?”

“రోజు పడితే ఎవలకన్న నిలవడబుద్ధి కాదా కాకా?”

ధర్మేందర్ వైపు చేయి చాచింది. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “ఆడామెతోనా? గిదేం మజాక్ మామా?”

గోదాలో చాచిన చేయి అందుకోనివాడు ఓడినట్టే. ఆ మాటే అన్నాను.

“నన్ను ఓడగొట్టనీకె చూస్తున్నవ్. మా బాపు మీద కోపం నా మీద తీస్తున్నవ్.”

“మీ బాపు మీద కోపం ఉన్నది. చెయ్యి దాసుకున్నది నువ్వు.”

కైసర్ వైపు తిరిగాం. రెండు చేతులూ పైకెత్తాడు. “అక్క నిలవడుడు నేర్చినంక ఆమె చేతి దెబ్బలు శాన తిన్న. నాకొద్దు కాకా.”

కట్టుబాటు ప్రకారం ఆమె నెగ్గింది. కానీ కట్టుబాటు పిల్లకు కాలు విడిపించుకోవడం నేర్పదు. ఈమెకు వచ్చా, రాదా? అదే చూడాలనిపించింది. నీలిని దించాను.

బుష్రా ఆమె కాలు పట్టి విసిరింది. నీలి లేచింది. మళ్లీ పడింది. నోట్లో మట్టి ఉమ్మింది.

“నా మొకం ఏం జూస్తున్నవ్? మొకం మోసం జేస్తది. నడుము జూడు. నడుము ఎటు పోతే మనిషి అటే రావాలె.”

నీలి మళ్లీ పడింది. ఆ తరువాత ఒకసారి పడలేదు. పట్టుకున్న చేతి మీద బరువంతా వేసి పక్కకు తిరిగింది. కాలు ఊడి వచ్చింది. బుష్రా మోకాళ్ల మీద పడి, “ఆఁ, గట్ల!” అంది.

సాంసన్ నా చెవిలో అన్నాడు, “ఆడామెను పెడితే ఊరేమంటదో.”

“ఊరు వచ్చి నీలిని మానుకోట తోల్కపోతదా?”

ఆయన కమిటీ కాగితం తీసి సంతకం పెట్టాడు. ధర్మేందర్ చాయ్ తాగకుండా వెళ్లాడు. వాళ్ల నాయనకు చెబుతాడు. చెప్పనీ.

సోమవారం నేనూ బస్సెక్కాను. నన్నెవరూ రమ్మనలేదు. మానుకోటలో బల్ల దగ్గర కూర్చున్న ఆయన, “ఈ పిల్ల ఉస్తాదు ఎవరు?” అన్నాడు.

“నేనే,” అంది బుష్రా.

ఆయన ఆమెను దాటి నన్ను చూశాడు.

“నా దిక్కు ఏం జూస్తవ్ సార్? నేను చూడవచ్చినోన్ని.”

ఆయన బుష్రాను ఇంకోసారి చూసి, పేరు రాసుకున్నాడు. కాసేపటికి నీలిని బరిలోకి పిలిచారు.