పని లేదు, పాణి లేదు

కాసులు చెంప మీద చివరి చార పడేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పొద్దుట పదింటి నుంచీ పక్కవీధిలో రంగులవాళ్ల అరుగు మీద కదలకుండా నిలబడి, ఒళ్లంతా పసుపు, దాని మీద నల్లచారలు వేయించుకున్నాడు. నడుముకి తోక కూడా కట్టారు. రెండేళ్ల కిందట కూతురు రింకి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పిల్ల లేచి తిరిగితే పులివేషంలో నీ చుట్టూ మూడుసార్లు తిరుగుతానని ఠాకురాణి అమ్మవారికి మొక్కుకున్నాడు. బరంపురంలో ఆ యాత్ర రెండేళ్లకోసారి. ఇవాళ ఆఖరి రోజు. ఇది తప్పితే మొక్కు మరో రెండేళ్లు నెత్తిన కూర్చుంటుంది.

ఇరవై ఏళ్లుగా కాసులు ఉద్యోగం వీధుల్లో నీళ్ల వాల్వులు తిప్పడం. సాయంత్రం డ్యూటీ. పొద్దున్నే సూపర్‌వైజర్ పూర్ణచంద్రబాబు ఫోన్ చేశాడు. ఆయన ఒడియా మనిషి, కాసులంటే అభిమానం, అందుకే వచ్చీరాని తెలుగులోనే మాట్లాడతాడు. డప్పుల హోరులో వినబడింది ఒక్కటే ముక్క: "నీ వీధిలో పని లేదు." మన కాసులు మిగతాది వింటాడా? అమ్మవారే సెలవిప్పించిందని ఎగిరి గంతేశాడు.

తోక సర్దుకుని అమ్మవారి పందిరి దారి పట్టబోతుంటే పూర్ణచంద్రబాబు స్కూటరు అడ్డంగా ఆగింది. పులిని చూసి ఆయన నోరెళ్లబెట్టాడు.

"ఏ కాసులూ! పొద్దున్నే చెప్పాను కదా, నీ వీధిలో పాణి లేదు అని!"

"పాణీయా?" కాసులు చేతిలోని తోక వదిలేశాడు. "పని లేదన్నారనుకున్నాను బాబూ!"

ఒడియాలో పాణి అంటే నీళ్లని కాసులుకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. సెలవు మీది ఆశ చెవులు మూసేసింది, అంతే.

వెనకే భార్య ఆదిలక్ష్మి ఖాళీ బిందెతో వచ్చింది. "ఏటయ్యా ఇది? ఆరింటికి ఘటాలు మన ఈదిలోకొస్తాయి. ఎంత ఎతికినా సెంబుడు నీళ్లు లేవు. అమ్మోరి కాళ్లు దేంతో కడగాలి, సెప్పు?"

ఘటం నెత్తిన పెట్టుకొచ్చే ఆడమనిషి పాదాలకి ప్రతి ఇంటివాళ్లూ పసుపునీళ్లు పోస్తారు. ఆ కాసేపూ ఆమే అమ్మవారు.

పొద్దుటి డ్యూటీ మనిషి తమ వీధి వాల్వుతో కుస్తీపట్టి వదిలేశాడట. మొండిది. సగం వెనక్కి తిప్పి, ఒక్క తన్ను తన్ని, మళ్లీ ముందుకు లాగితేగాని కదలదు. ఆ కిటుకు కాసులు చేతికే తెలుసు. వాల్వు ఉన్న గుంటలోకి దిగితే రంగు నిలవదు. దిగకపోతే అమ్మవారు పొడికాళ్లతో వీధి దాటాలి. కాసులుకి ఏడుపొచ్చింది.

"తల్లీ, ఇంక నువ్వే సూసుకో," అని బాబు స్కూటరెక్కి తన వీధికి వెళ్లి, వాల్వు తిప్పే ఇనుప కడ్డీ పట్టుకుని గుంటలోకి దిగాడు.

వాల్వు కిర్రుమని తిరిగింది. సందులోంచి నీళ్లు చిమ్మి పులిని నిలువునా తడిపేశాయి. పైన కుళాయిలు బుసకొట్టి ధార కట్టాయి. ఆడవాళ్లు బిందెలతో పరుగులు పెట్టారు.

కాసులు పైకొచ్చేసరికి ఒక చెంపన మూడు చారలు, తడిసిన తోక, అంతే మిగిలాయి.

"నానా, పిల్లిలాగున్నావు," అంది రింకి.

డప్పులు దగ్గరపడ్డాయి. ఘటాలు వీధిలోకొచ్చాయి. కాసులు సిగ్గుతో స్కూటరు వెనక నక్కాడు. ముందు ఘటం మోస్తున్న పెద్దావిడ పాదాల మీద పసుపునీళ్లు పడుతుండగానే అటు చూసింది.

"ఎవుడ్రా ఆ దాక్కున్నోడు?"

"నేనే తల్లీ. పులివేషంలో రావాలనుకున్నాను. నీళ్లొదిలేసరికి అంతా కొట్టుకుపోయింది. నీ పందిరికి ఏ మొగంతో రాను?"

ఆవిడ తడిసిన పాదాలు చూసుకుంది. "నీ ఈదిలోకి నేనే వచ్చాను కదరా. ఇంకా పందిరెందుకు? ఇక్కడే తిరుగు."

కడ్డీ చేతిలో ఉండగానే కాసులు ఆవిడ చుట్టూ తిరిగాడు. తోక నీళ్లోడుతూ వెంట జీరాడింది. రింకి గట్టిగా లెక్కపెట్టింది. మూడో చుట్టుకి కాసులు కళ్లలో నీళ్లు ఆగలేదు. చిన్న పిల్లాడిలా ఏడ్చాడు.

ఘటాలు కదిలాక పూర్ణచంద్రబాబు గొంతు సవరించుకున్నాడు. "కాసులూ, రేపు పొద్దున్నే..."

"ఆగండి బాబూ. పనా, పాణీయా? ముందు తేల్చండి."

ఆయన పసుపునీళ్లతో తడిసిన వీధిని ఓసారి చూశాడు.

"రెండూ," అన్నాడు.