ఐసు గిన్నె

"ఆ గాజుకుప్పె పగిలి, మరిగే నీళ్లు చేతి మీద పడితే ఏం చేస్తావే?" అన్నాను, లారిస్సా ఇంకా హీటరు స్విచ్చు కూడా వేయకముందే.

"పడితే నువ్వున్నావుగా, వెన్న రాయడానికి" అంది తలెత్తకుండా.

మా అమ్మాయి కెమిస్ట్రీ ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే మందుల షాపు కోర్సులో సీటు రాదు. కాలేజీవాళ్లు మూడోసారి కూర్చోనివ్వరు. ఒక్కదాన్నే వెళ్లనని మొండికేస్తే, నేనూ అది చదివే వయోజనుల తరగతిలోనే పేరు రాయించుకున్నాను. తెల్లవారకముందే బేకరీకి పోయి, మధ్యాహ్నం దాకా పిండి పిసికి, మంచులో బస్సెక్కి వస్తాను. పాఠం నాకు ఎక్కదు. పక్కన కూర్చుంటాను, అంతే.

ఆ రోజు ఆఖరి పరీక్ష. పేరు చెప్పని మురికి పొడి, చెంచాడు ఇచ్చారు. దాన్ని శుభ్రం చేసి, ఎంత వేడికి కరుగుతుందో చూసి, బోర్డు మీది పట్టీతో పోల్చి అదేమిటో చెప్పాలి. పాడు చేసుకుంటే మళ్లీ ఇవ్వరు.

లారిస్సా పొడిని మరిగే నీళ్లలో కరిగించి, వేడిగా ఉండగానే వడకట్టింది. కుప్పెను బల్ల మీద పెట్టింది.

"దీన్ని ముట్టుకోకమ్మా. నెమ్మదిగా చల్లారితేనే మురికి నీళ్లలో ఉండిపోయి, మంచి పలుకులు కడతాయి" అని చెప్పి, పొడిని వేసి కరిగించి చూసే సన్న గొట్టాలు తేవడానికి అవతలి గదికి వెళ్లింది.

కుప్పె ఎంతకీ చల్లారడం లేదు. పక్క బల్లవాళ్లు అప్పుడే వడకట్టుకుంటున్నారు. టైము అయిపోతుందేమో, దీని సీటు పోతుందేమో అని గడియారం కేసి చూశాను. బేకరీలో కస్టర్డ్ గిన్నెను ఐసులో దించి గబగబా కలపడం నాకు రోజూ పని. కిటికీ పక్కన ఐసు గిన్నె కనబడింది. ఆలోచించేలోపే కుప్పె అందులో ఉంది, నా చెయ్యి గాజుకడ్డీతో కలుపుతోంది. చూస్తుండగానే తెల్లగా పేరుకుంది. హమ్మయ్య అనుకుని, తడి తుడిచి మళ్లీ బల్ల మీద పెట్టేశాను.

"అప్పుడే కట్టిందే" అని లారిస్సా మురిసిపోయింది. వడకట్టి, దీపం కింద ఆరబెట్టి, చిటికెడు గొట్టంలో వేసి వేడి చేసింది. నూట పదకొండు డిగ్రీల దగ్గర చెమర్చి కరగసాగింది. నూట పదిహేడుకు గానీ పూర్తిగా కరగలేదు. పట్టీలో నూట పద్నాలుగుకి కరిగేది ఒకటుంది, నూట ఇరవై రెండుకి కరిగేది ఇంకొకటుంది.

"నూట పద్నాలుగుది రాసెయ్యవే, ఇంటికి పోదాం" అన్నాను.

అటుగా వచ్చిన మా టీచరు ఫ్రీసెన్ మేడం వంగి చూసింది. "ఇంతసేపు ఈడ్చి ఈడ్చి కరిగిందంటే మురికి పోలేదు. మురికి ఉంటే ముందే కరగడం మొదలుపెడుతుంది. ఎలా చల్లార్చావు?"

"బల్ల మీదే మేడం, నెమ్మదిగానే. ఒట్టు."

ఆ పిల్ల ఒట్టు వేశాక ఇక ఊరుకోలేకపోయాను. "కాదు మేడం. అది లేనప్పుడు నేనే ఐసులో పెట్టి కలిపాను."

"స్టెఫానియా, ఇదేమన్నా కస్టర్డా?" అంది మేడం. కోపంగా అనలేదు, ఆవిడా అలిసిపోయి ఉంది. "ఉన్నదాన్నే మళ్లీ కరిగించండి. గది మూసేలోపు అయితే అయినట్టు."

లారిస్సా మళ్లీ నీళ్లు మరగబెట్టింది. అది తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన కాస్త పొడినీ కరిగించి, కుప్పెను బల్ల మీద పెట్టి, దానికేసే చూస్తూ కూర్చుంది. నా చేతుల్ని నమ్మలేక, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. బయట వెలుతురు తగ్గింది. ఒక్కొక్కళ్లే కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. కుప్పెలో పటికబెల్లం తునకల్లా సన్నని రేకులు మెరవసాగాయి.

వడకట్టింది, ఆరబెట్టింది, గొట్టంలో నింపింది. భూతద్దానికి కన్ను ఆనించింది.

"ఎంతే?" అన్నాను. హీటరు ఇంకాస్త తగ్గించింది.

"కరిగిందా?" చెయ్యెత్తి ఆగమంది. మేడం అవతల దీపాలు ఆర్పడం మొదలుపెట్టింది. చెడిపోయిందనే అనుకున్నాను.

లారిస్సా భూతద్దం వదిలి కళ్లు నులుముకుంది.

"నూట ఇరవై ఒకటిన మొదలై నూట ఇరవై రెండుకి మొత్తం నీరైపోయింది. బెంజోయిక్ ఆమ్లం" అంది. "నువ్వు రాయమ్మా, నా కళ్లు లాగేస్తున్నాయి."