మొదటావిడ ఆపు

ఆ నాటకాన్ని ఒకసారి చూసినవాళ్ళు పాటలు బాగున్నాయంటారు. రెండుసార్లు చూసినవాళ్ళు పోయినసారి చేసినావిడే నయమంటారు. అంతకన్నా ఎక్కువసార్లు చూసినవాళ్ళతో మాత్రం పెట్టుకోకూడదు. వాళ్ళు మనల్ని ఓ పట్టాన ఇంటికి వెళ్ళనివ్వరు.

"రేవుగాలి" అనే ఆ పాటల నాటకం మొదలైనప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. కథ పెద్దదేం కాదు. సముద్రం మీదికి వెళ్ళిన మొగుడి కోసం రేవులో దీపం పెట్టుకుని కూర్చునే ఆడమనిషి కథ. తెరలు మారాయి, కుర్చీలు మారాయి, మొగుడి వేషగాళ్ళయితే చొక్కాలు మార్చినట్టు మారారు. దీపం మనిషి వేషం మాత్రం ఇప్పటిదాకా అయిదుగురే వేశారు. కంపెనీలో వాళ్ళని మొదటావిడ, రెండో ఆవిడ, మూడో ఆవిడ అని వరస పెట్టి పిలుస్తారు. హార్మోనియం వాయించే పెట్టె మాస్టారు "మా మొదటావిడ" అన్నప్పుడల్లా కొత్తగా చేరినవాళ్ళు ఈయనకి ఎంతమంది పెళ్ళాలో అని గుడ్లప్పగించి చూసేవాళ్ళు. ఆయనకి ఒక్కతే. ఆ వేషం అందరికన్నా ముందు వేసినామే ఆయన భార్య. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు ఆరో ఆవిడ రాబోతోంది. ఆరో ఆవిడ ఆయన కూతురు.

ఈ కబురు తెలిసి అందరికన్నా ఎక్కువ సంబరపడినవాళ్ళు ఇద్దరు బావా బావమరుదులు. ఒకాయన బ్యాంకులో, ఇంకొకాయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. వేషం చేతులు మారిన ప్రతిసారీ వాళ్ళు మొదటి ఆటకి మొదటి వరసలో ఉంటారు. ఆ తర్వాత హాలు బయట కాఫీ కౌంటరు దగ్గర నిలబడి అరిగిపోయిన వాదననే మళ్ళీ అరగదీస్తారు.

"మూడో ఆవిడ గొంతు గొంతే బావా, కాదనను. కానీ ఆ నడకేంటి, చెప్పు తెగినట్టు?"

"నడకదేముందోయ్, నాలుగో ఆవిడ నడవలేదూ? ఏం లాభం, ఏడవాల్సిందంతా తనే ఏడ్చేసి మనకేం మిగల్చలేదు."

"అయిదో ఆవిడ?"

"బాగానే చేసింది. బాగానే చేసింది, అంతే."

ఎవరి గురించి మొదలుపెట్టినా మాట చివరికి ఆపు దగ్గరికే వచ్చేది. "ఆపు మాత్రం మొదటావిడదే" అని ఒకాయన అంటే "అందులో తిరుగులేదు" అని రెండో ఆయన. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట జీవితంలో అదొక్కటే.

ఆపు అంటే ఏమిటో చెప్పాలి. ఆఖరి పాటలో ఆఖరి చరణం. "పడవ రాకపోతేనేం, గాలి రాకపోతేనేం" అని దీపం మనిషి పై స్థాయికి వెళుతుంది. అక్కడి నుంచి "నేనిక్కడే ఉన్నా" అని కిందికి దిగాలి. దిగకుండా ఆగిపోతుంది. దీపస్తంభాన్ని పట్టుకుని నిలబడిపోతుంది. స్టేజీ ముందు గుంటలో కూర్చున్న బ్యాండంతా ఆగిపోతుంది. హార్మోనియం ఒక్కటే ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. అది కాళ్ళతో తొక్కే పాతకాలపు పెట్టె. తొక్కినంతసేపే దాని తిత్తిలో గాలి. ఆవిడ మళ్ళీ నోరు తెరిచేదాకా మాస్టారు తొక్కుతూ ఆ స్వరాన్ని నిలబెట్టాలి. చివరికి ఆవిడ సన్నగా, తెగిపోతున్నట్టుగా "నేనిక్కడే ఉన్నా" అంటుంది. అక్కడ కళ్ళు తుడుచుకోనివాణ్ణి పక్కవాళ్ళు అనుమానంగా చూస్తారు.

వేషం వదిలి వెళ్ళే ఆవిడ కొత్తగా వచ్చే ఆవిడకి ఆపు అప్పగించి వెళ్ళడం కంపెనీలో ఆనవాయితీ. అక్కడ మనసులో ఏం అనుకోవాలో చెబుతారు. మూడో ఆవిడ చనిపోయిన నాన్నని తలుచుకునేది. నాలుగో ఆవిడ వెళ్ళిపోయే రోజున నిజం కక్కేసింది. "గ్యాస్ కట్టేసి వచ్చానా లేదా అనుకునేదాన్నండీ. దిగులు దానంతటదే వచ్చేసేది." అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మాస్టారు పెట్టె మూత వేసుకుంటూ ఉండిపోయారు.

రెండో ఆవిడకి అప్పగించడానికి మొదటావిడ లేదు. అందుకని ఆమె అంతకుముందు తెర పక్క నుంచి చూసిందే నేర్చుకుంది. భుజాలు ఎలా పైకి లేచాయో, మెడ దగ్గర నరం ఎలా బిగిసిందో, స్తంభం మీద వేళ్ళు ఎలా తెల్లబడ్డాయో చూసి, చూసింది చూసినట్టు అచ్చుగుద్దింది. మిగతావాళ్ళు ఆమెని చూసి నేర్చుకున్నారు.

మొదటావిడది నటన కాదని మాస్టారికొక్కరికే తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలో ఆమెకి ఊపిరి అందలేదు. జరిగింది అంతే. పై నుంచి దిగబోయి, దిగలేక, చేతికందిన స్తంభాన్ని పట్టుకుంది. మాస్టారు గాభరాపడి ఉన్న స్వరాన్ని వదలకుండా తొక్కుతూ కూర్చున్నారు. హాలంతా బిక్కచచ్చిపోయి, తర్వాత చప్పట్లతో ఊగిపోయింది. "ఊపిరాడక నేను చస్తుంటే నటన అనుకున్నారు, పిచ్చి మారాజులు" అని ఇంటికొచ్చి ఆమె పడీ పడీ నవ్వింది. ఆయనా నవ్వారు. మర్నాడు డైరెక్టరు "అది ఉంచెయ్యమ్మా, బంగారం" అన్నాడు. ఉంచేసింది. పోనుపోను ఆ ఆపు పొడుగైంది. వేషం పండుతోందన్నారు జనం. మాస్టారు కూడా ఒకరోజు మేకప్ గదిలోకి వెళ్ళి "ఇవాళ అద్భుతంగా ఆగావు" అన్నారు. ఆ రోజు ఆమె నవ్వలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఊపిరితిత్తుల్లో బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాత నలుగురు ఆడవాళ్ళు ఆయన కళ్ళముందు, వారం తప్పకుండా, ఆమె ఊపిరాడకపోవడాన్ని ఆడి చూపించారు. పరాయి ముఖాలు, పరాయి గొంతులు కనక ఎలాగో పంటి బిగువున వాయించుకొచ్చారు. ఇప్పుడు అవే కళ్ళు, అదే గడ్డం. అది చూస్తూ తొక్కడం తన వల్ల కాదని ఆయనకి ముందే తెలిసిపోయింది.

చెప్పేయొచ్చు కదా అనుకుంటాం. ఆ పిల్లకి తల్లి గురించి గుర్తున్నది కాస్తే. మేకప్ వాసన, తెర పక్కన తను కూర్చునే స్టూలు, చప్పట్లు. "ఆపు కనిపెట్టింది మా అమ్మే" అని బళ్ళో గొప్పలు చెప్పుకుని పెరిగిన పిల్ల. ఆ ఒక్కటీ ఎలా లాగేసుకోవడం?

రేపు ఆటనగా కూతురు వంటింట్లో అలమారు తలుపుని స్తంభంలా పట్టుకుని ఆపు సాధన చేస్తోంది. మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మలూ, ఆ ఆపు తీసేద్దామే."

"ఏంటి నాన్నా?"

"ఆగకుండా పాడెయ్. నీ గొంతుకి ఆగక్కర్లేదు."

"అయిదుగురు ఆగారు. నేనాగితే తప్పా?"

"తప్పని కాదు..."

"మరి? అమ్మ ముందు తేలిపోతాననా? ఫరవాలేదు, చెప్పెయ్. కాఫీ కౌంటరు దగ్గర ఎలాగూ అంటారు. నువ్వు కూడా అనేస్తే ఒక పనైపోతుంది."

"ఎవరన్నారే ఆ మాట!"

"నువ్వే. నలుగురు ఆగుతుంటే నోరెత్తకుండా వాయించావు. నా దగ్గరికొచ్చేసరికే తీసెయ్యమంటున్నావు. ఎందుకని?"

జవాబు ఆయన నాలుక చివరే ఉంది. కుళాయి తిప్పి ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు తాగి, తన గదిలోకి వెళ్ళిపోయారు. కూతురు ఆ వెళ్ళడాన్నే జవాబనుకుంది. అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. కూతురు బాగా పాడింది. బాగా అంటే చాలా బాగా. మొదటి వరసలో బావమరిది అప్పుడే రుమాలు తీసి పెట్టుకున్నాడు. గుంటలోంచి మాస్టారికి ఆమె పాదాలు, చెయ్యి, గడ్డం కింది భాగం కనిపిస్తాయి. "గాలి రాకపోతేనేం" అని ఆ పిల్ల పైకి వెళ్ళింది. ఆగింది. భుజాలు లేచాయి. మెడ నరం బిగిసింది. స్తంభం మీద వేళ్ళు తెల్లబడ్డాయి. పెదవి ఎడమ పక్కన చిన్నగా వణికింది. ఆ వణుకు నలుగురిలో ఎవరికీ రాలేదు. అది ఎవరూ నేర్పింది కాదు, స్టూలు మీద కూర్చుని చూసిన పసిపిల్ల కళ్ళలో ఉండిపోయినది.

మాస్టారి వేలు తర్వాతి స్వరం మీద పడింది.

పెట్టె కదిలితే బ్యాండు కదలాలి. వయొలిన్ అందుకుంది, డోలు అందుకుంది. కూతురు ఉలిక్కిపడి, పరుగెత్తే బస్సు ఎక్కినట్టు పాటలోకి ఎక్కి "నేనిక్కడే ఉన్నా" అనేసింది. బావమరిది రుమాలు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు.

"ఆగలేదు బావా!"

"ఆగలేదోయ్. తల్లి కనిపెట్టినదాన్ని కూతురు గాలికొదిలేసింది. ఆరుగురిలోనూ ఆఖరు."

కాఫీ కౌంటరు గోడకి అవతలే మేకప్ గది. ఆ మాటలు లోపలికి స్పష్టంగా వినపడ్డాయి. సగం ముఖం తుడుచుకున్న కూతురు అద్దంలోంచే తండ్రిని చూసింది.

"నీ వేలు జారదు నాన్నా. ఇన్నేళ్ళలో ఒక్కసారీ జారలేదు. చేతులారా చేశావు."

"చేతులారానే చేశానమ్మా."

"ఎందుకు?"

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "అది నటన కాదు అమ్మలూ. అమ్మకి ఊపిరి అందలేదు." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. ఆదివారం ఆట చెప్పారు, ఇంటికొచ్చి ఇద్దరూ నవ్వుకున్నది చెప్పారు, అద్భుతంగా ఆగావు అన్నది కూడా చెప్పారు. "అందరూ ఎవరిది గొప్ప ఆపో పోల్చి చూసుకుంటారు. నాకు మాత్రం ప్రతివారం మీ అమ్మ మళ్ళీ పోతున్నట్టే ఉంటుంది. ఇవాళ నిన్నలా చూడలేకపోయానే."

కూతురు చేతిలో దూదిని పోగులు పోగులుగా పీకింది.

"ఇవాళ నేను... అచ్చం అలాగే చేశానా?"

"అచ్చం అలాగే."

తువ్వాలు ముఖానికి కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి పోయినప్పుడు ఏడవడం తెలియని వయసు. ఆ ఏడుపు ఇప్పుడు ఏడ్చింది. మాస్టారు తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

తలుపు తోసుకుని డైరెక్టరు వచ్చాడు. "మాస్టారూ, రేపు ఆపు ఉండాల్సిందే. ఉండదంటే చెప్పండి, పెట్టె దగ్గర ఇంకొకళ్ళని కూర్చోబెడతా."

"ఉంటుంది సార్," అంది కూతురు తువ్వాలు తియ్యకుండానే.

మర్నాటి ఆటకి మాస్టారు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు. కూతురు ఇంట్లో గానీ దారిలో గానీ ఆ ఊసెత్తలేదు. ఆఖరి చరణం వచ్చింది. "గాలి రాకపోతేనేం." ఆగింది. బ్యాండు ఆగింది. మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకుని తొక్కుతున్నారు.

పై నుంచి ఒక చప్పుడు వచ్చింది. కూతురు ఊపిరి పీల్చుకుంటోంది. దొంగతనంగా కాదు, పాటగాళ్ళు దాచుకునే పద్ధతిలో కాదు. చల్లగాలికి కిటికీ తీసినవాళ్ళలా, పొట్ట నిండా, మొదటి వరసకి వినపడేలా పీల్చి, తీరిగ్గా వదిలి, మళ్ళీ పీల్చుకుంది. మాస్టారు కళ్ళు తెరిచారు. ఆ పిల్ల స్తంభాన్ని పట్టుకోలేదు. గుంటలోకి వంగి ఆయన్నే చూస్తోంది. ఆయన కాళ్ళు తొక్కడం మరిచిపోయాయి. పెట్టెలో గాలి అయిపోయి స్వరం సన్నబడి పోయింది.

"నేనిక్కడే ఉన్నా," అని ఏ తోడూ లేకుండా, గొంతు నిండుగా పాడింది కూతురు.

ఆట అయ్యాక ఆయన కాఫీ కౌంటరు దగ్గరికి వచ్చి కప్పు పట్టుకున్నారు కానీ తాగలేదు. బావా బావమరుదులు పక్కనే ఉన్నారు.

"ఆగింది సరే బావా, ఆ ఊపిరి పీల్చడమేంటి, కొలిమి తిత్తిలా? మొదటావిడ ఆగితే ఊపిరి చప్పుడు వినపడేదా అసలు?"

"అదే తేడా మరి. ఏమంటారు మాస్టారూ? ఇద్దర్నీ దగ్గర్నించి చూసినవారు."

"నిజమేనండీ," అన్నారు మాస్టారు. "మొదటావిడకి ఉండేది కాదు."

ఆ మాట అనేసరికి ఆయన కళ్ళు ధారలు కట్టాయి. కూతురు నెగ్గలేదని కుమిలిపోతున్నాడనుకుని బావ జాలిపడి భుజం మీద చెయ్యేశాడు.

"బెంగపడకండి మాస్టారూ. కొన్నాళ్ళు పోతే ఆ ఊపిరి చప్పుడు పోతుంది లెండి."

"వద్దండీ," అన్నారు మాస్టారు. "ఉండనివ్వండి."