సర్కారు తోటలో ఆరు బెంచీలు

జర్మనీ లడాయి మొదలైన ఏడాది నాగర్‌కర్నూల్‌లో సర్కారు తోట తెరిచారు. అంతకుముందు కచేరీ వెనక ఆ చోటంతా ముళ్లకంపలు, పందులు. కొత్తగా వచ్చిన తహసీల్దారు హైదరాబాదు మనిషి. సాయంత్రం నాలుగడుగులు నడవడానికి చోటు లేని ఊరు ఊరే కాదని ఆయన నమ్మకం. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా పొలాల వెంట నడిచే జనానికి సాయంత్రం మళ్లీ నడకేమిటని ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకసలే లేదు. నేను ఆ కచేరీలో గుమాస్తాను.

తోట తెరిచిన మర్నాడే ఆయన నన్ను పిలిచి, "గోవిందూ, తోట గురించి జనం ఏమంటున్నారో విని రోజూ రాసి పట్టుకురా" అన్నాడు. ఆయన ఉర్దూలో అన్నదాన్ని ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. జనం తెలుగులో అన్నదాన్ని అప్పట్లో ఉర్దూలో రాసేవాణ్ని. తెలుగు నుంచి ఉర్దూలోకి వచ్చేసరికి మాటలు కొంచెం మెత్తబడేవి. మెత్తబడకపోతే నా కొలువు ఉండేది కాదు.

తోట నక్షా హైదరాబాదులో గీసింది. అందులో బాటలు ఎక్కడా తిన్నగా ఉండవు. ఒక పూలమడి చుట్టూ తిరిగి, ఇంకో మడి చుట్టూ తిరిగి, చివరకు వెనకవైపు బావి దగ్గర తేలతాయి. రాములమ్మ నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలు పెట్టుకుని బాట మధ్యలో నిలబడి నన్ను నిలదీసింది.

"బాయి గాడ కనవడ్తనే ఉన్నది. నేను గిట్ల సుట్టు తిరిగి పోవాల్నా? ఈ బాట గీసినోడు ఎన్నడన్న నీళ్లు మోసిండా?"

బాటల వంపుల మీద స్త్రీలు ఆసక్తి చూపుతున్నారని రాశాను.

పెబ్బేరు సంతకు ఎడ్లను తోలుకుపోతున్న పెంటయ్య కంచె దగ్గర ఆగి పచ్చిక వంక చాలాసేపు చూశాడు. "పసులను రానియ్యకపోతే గడ్డెందుకు పెంచిన్రు సారూ? సూసేటందుకా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. అవునన్నాను. అతను ఎడ్ల వైపు తిరిగి, "ఇగ పాండ్రి, మనకు కాదంట" అని వాటికి చెప్పి కదిలాడు. పచ్చదనాన్ని రైతులు ఆగి మరీ చూస్తున్నారని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

బెంచీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ఉర్దూ కూడా సరిపోలేదు.

బెంచీలు కట్టింది యాకూబ్ మేస్త్రీ. యాభై దాటినవాడు, నిదానస్తుడు. వాళ్ల తాత కాలం నుంచి వాళ్ల ఇంట్లో గోరీలు కట్టడమే పని. బల్మూర్ దాకా ఏ ఖబరస్తాన్‌కు పోయినా వాళ్ల చేతి గచ్చే కనిపిస్తుంది. తోటలో ఆరు బెంచీల పని అతనికి దొరికిన రోజు కచేరీ మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "గోవిందు సాబ్, బతికున్నోళ్ల కోసం కట్టే మొదటి పని ఇది. దాని మీద ఎవరన్న కూసుంటే సూడాలె నేను" అన్నాడు. పని సాగినన్నాళ్లూ ఆ మాటే కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. వాళ్ల ఇల్లాలు ఖైరున్నిసా విని విని విసుక్కుందట కూడా.

మనసు కొత్త పని అనుకుంది కానీ చెయ్యి అనుకోలేదు. నక్షాలో వీపుకు ఆసరా బెంచీ పొడవునా ఉంది. యాకూబ్ చెయ్యి దాన్ని ఒక కొసనే గుండ్రంగా లేపింది. పైభాగం బల్లపరుపుగా ఉండాల్సింది, వాన నీళ్లు జారేలా మధ్యలో కొంచెం ఉబ్బింది. గులకరాయితో రుద్ది రుద్ది నున్నగా చేసి తెల్లసున్నం కొట్టాడు. ఆఖరి రోజు చేతులు కడుక్కుని పదడుగులు వెనక్కి వచ్చి చూసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. ఆరు గోరీలు, తలాపులు ఉత్తరానికి, వరసగా.

మూడో బెంచీ నాడే నాకు అనుమానం వచ్చింది. సర్కారు పనిలో నోరు తెరిచినవాడి మెడకే పని చుట్టుకుంటుందని ఊరుకున్నాను. ఆ తప్పు నాది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక ఎవరు కూర్చుంటారు? దర్జీ హైదర్ రోజూ నమాజు చేసుకుని తోటలోకి వచ్చి బెంచీల మధ్య నిలబడి బీడీ తాగి పోయేవాడు. కూర్చోరాదా అంటే, "కింద ఎవ్వరు లేరని నాకెర్కనే సాబ్. అయినా గోరీ మీద కూసోవాలంటే కాళ్లు ఒప్పుకుంటలేవు" అన్నాడు. హిందువులు ఇంకో మెట్టు పైకి పోయారు. మా వైపు పీర్ల పండుగకు పీరును ఎత్తుకునేది బక్కయ్య, ముందు ఎగిరేది యాదయ్య. గోరీ కనబడితే చెప్పులు విడవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. బెంచీల దగ్గరా విడిచారు.

దానికి తోడు జోగులమ్మ మేక ఒకటి తప్పిపోయింది. జోగులమ్మ అంగట్లో మిరపకాయలమ్మేది, నోరూ అలాంటిదే. రెండు రోజులు ఊరంతా వెతికింది. మూడో రోజు ఆ మేక తోటలో మొదటి బెంచీ పక్కన దొరికింది. ఆ ఎండల్లో ఊరు మొత్తం మీద పచ్చగడ్డి ఉన్నది అక్కడ ఒక్కచోటే కాబట్టి మేక అక్కడే ఉంటుందని ఆమెకు తోచలేదు. ఆ గోరీలో ఉన్న పీరే దొరికించాడనుకుంది. ఆ సాయంత్రమే ఊదు పొగ వేసి, బెల్లం కలిపిన మలీద పంచింది. వారం తిరిగేలోపు ఆరు బెంచీలకూ బంతిపూలు, మొదటిదానికి పచ్చబట్ట కూడా వచ్చాయి.

యాకూబ్ అడ్డం పడి చెప్పాడు. లోపల ఏమీ లేదన్నాడు, తానే కట్టానన్నాడు. "పెద్దమనుషులు గట్లనే దాపెడ్తరు" అని అతనికే దండం పెట్టి పోయారు.

ఎవరూ కూర్చోవడం లేదని చివరకు ఉన్నదున్నట్టు రాశాను. తహసీల్దారు స్వయంగా వచ్చి చూశాడు. ఊదు పొగకు దగ్గాడు. "వచ్చే అంగడి నాడు నా పైవాడు జిల్లా తాలూక్దారు తనిఖీ దౌరాకు వస్తున్నాడు. నా తోటను ఆయనకు ఖబరస్తాన్ అని చూపించాలా? ఆ రోజు ఆయన వచ్చేలోపు ఆరింటినీ పగలగొట్టించు. కట్టినవాడి చేతే."

ఈ మాట చెప్పడానికి యాకూబ్ ఇంటికి పోయాను. అతను కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. "ఒక్కరన్న కూసుంటే ఆపుతడా సాబ్?" అని మాత్రం అడిగాడు. ఆ మాటే తహసీల్దారుతో అంటే ఆయన, "కూర్చుంటే బెంచీ, కూర్చోకపోతే గోరీ. నాకేం పంతం లేదు" అన్నాడు.

ఇంకా మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ యాకూబ్ ఊరంతా తిరిగి జనాన్ని బతిమాలాడు. హైదర్ కాళ్లు ఒప్పుకోలేదు. కల్లంటే ప్రాణమిచ్చే బక్కయ్య, యాకూబ్ కల్లు పోయిస్తానన్నా రానన్నాడు. యాకూబ్ తానే పోయి కూర్చుంటే, పీరుకు కోపం తెప్పిస్తున్నావని ఆడవాళ్లు లేపారు. చివరకు నన్ను అడిగాడు. మా ఆవిడ పుష్పమ్మ వద్దంటున్నదని చెప్పాను. పుష్పమ్మ ఏమీ అనలేదు. నాకే భయమేసింది. అతను నన్ను నమ్మినట్టే తలూపి వెళ్లిపోయాడు. ఆ తలూపడం నాకు చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది.

అంగడి రోజు పొద్దెక్కాక యాకూబ్ పెద్ద సుత్తె తెచ్చుకున్నాడు. కచేరీ తరఫున నేను నిలబడ్డాను. మొదటి బెంచీ మీది పచ్చబట్ట తీసి మడతపెట్టి పక్కన పెట్టాడు. పూలు ఏరాడు. ఎంతకీ సుత్తె ఎత్తడు. నేనూ తొందరపెట్టలేదు.

అంగట్లోకి వార్త ఎలా పోయిందో కానీ, మిరపకాయల కుప్ప అక్కడే వదిలేసి జోగులమ్మ ఉరికొచ్చింది. వెనక పదిహేనుమంది ఆడవాళ్లు.

"ఏంది మేస్త్రీ, పీరును పగలగొడ్తవా?"

"పీరు లేడు జోగులక్కా. లోపల రాళ్లు, గచ్చు. నా చేతులతోని కట్టిన."

"నువ్వు కట్టింది పైన. లోపలికి ఎవరొచ్చి ఉన్నరో నీకేం ఎర్క?"

దూరంగా తాలూక్దారు మోటారు చప్పుడు వినిపించింది. "కానియ్యి మేస్త్రీ" అన్నాను, నా గొంతు నాకే నచ్చలేదు. అతను కళ్లు మూసుకుని సుత్తె ఎత్తాడు.

జోగులమ్మ ఒక్క అంగలో వచ్చి బెంచీ మీద కూర్చుంది.

అందరూ నోళ్లు నొక్కుకున్నారు. "ఓ జోగులక్కా, పీరు మీద కూసున్నవేందే!" అని రాములమ్మ అరిచింది.

జోగులమ్మ రెండు చెంపలూ వేసుకుంది కానీ లేవలేదు. "తండ్రి ఒళ్లె బిడ్డ కూసుంటే తప్పేంది?" అంది. తర్వాత యాకూబ్‌తో, "ఇగ కొట్టు, ఎట్ల కొడ్తవో సూస్త" అంది. అతను సుత్తె దించాడు. ఆమె మిగతా వాళ్ల వైపు తిరిగింది. "సూస్తరేంది? ఆ అయిదింటి మీద కూసోండ్రి. లేకుంటే సుత్తె ఆడికి పోతది!"

వాళ్లు చెప్పులు విడిచి, చెంపలు వేసుకుని, ఒక్కొక్కరే కూర్చున్నారు. రాములమ్మ బిందెలు దించి మూడోదాని మీద కూర్చుంది. చోటు సరిపోక సర్దుకున్నారు. ఇంతమంది కూర్చున్నాక తన కాళ్లు కూడా ఒప్పుకున్నాయేమో, హైదర్ ఆఖరి బెంచీ కొసకు ఒదిగాడు.

తాలూక్దారు వచ్చాడు. వంకర బాటలన్నీ ఓపిగ్గా నడిచాడు. నిండా మనుషులున్న ఆరు బెంచీలను చూసి, "తోటను బాగానే వాడుకుంటున్నారే" అని తహసీల్దారు భుజం తట్టి మోటారెక్కాడు. తహసీల్దారు నా వైపు ఒకసారి, సుత్తె వైపు ఒకసారి చూసి కచేరీలోకి పోయాడు. ఆ రోజు నేను రాయాల్సిందేమీ లేకపోయింది.

మోటారు పోయినా ఎవరూ లేవలేదు. సుత్తె ఇంకా యాకూబ్ చేతిలోనే ఉంది మరి. కాసేపటికి వాళ్ల మాటలు పీరు నుంచి మిరపకాయల ధరకు, అక్కడి నుంచి ఎవరింటి కోడలి సంగతికో మళ్లాయి. ఒకామె కొసనున్న ఆసరాకు ఆనుకుంది. ఇంకొకామె పిల్లకు పాలిచ్చింది. యాకూబ్ సుత్తె కింద పెట్టి కదలకుండా నిలబడి చూస్తున్నాడు.

"మేస్త్రీ" అని పిలిచింది జోగులమ్మ. "కట్టినవు గని, జర ఎత్తెక్కువైంది. కాళ్లు నేలకు ఆనుతలేవు. తొడలు తిమ్మిరెక్కుతున్నయి."

యాకూబ్ గబగబా వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె మడమకూ మట్టికీ మధ్యనున్న సందులో వేళ్లు అడ్డంగా పెట్టి కొలిచాడు. "నాలుగు వేళ్లు దించాలె" అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఏమైందని వంగి అడిగాను.

"ముప్పై ఏండ్లాయె సాబ్ గోరీలు కట్టవట్టి. ఎత్తైందని ఎవ్వరు చెప్పలే" అని మళ్లీ కొలవసాగాడు.